ఊఁ, నా చేతిలో

నాగరత్నమ్మ ఇంట్లో మగ్గం మీద నుంచి ఎవరూ ఊరికే లేచిపోరు. లేచేవాళ్ళు "నీ చేతిలో" అనాలి. పక్కన కూర్చున్నవాళ్ళు "ఊఁ, నా చేతిలో" అనాలి. ఆ మాట చెవిన పడ్డాకే లేవాలి. ధర్మవరంలో అందరిళ్ళలో ఈ పద్ధతి లేదు, ఇది ఆమె మామ పెట్టింది. అంచులో పువ్వు ఎందాకా వచ్చిందో ఎవరో ఒకరి కంట్లో ఉండాలి. లేకుంటే పువ్వు తప్పుతుంది, దాన్ని ఊడదీసేసరికి ఒక పూట పని మట్టిపాలు. భర్త పోయినాక కొడుకు సుధాకర్ పక్కన కూర్చుని నేస్తున్నా ఆమె ఆ మాట ఏనాడూ మరవలేదు.

పిల్లల సంగతి వేరు. వీధిలో పిల్లల్ని ఎవరూ ఎవరికీ అప్పజెప్పరు. ఆరేళ్ళ మనవరాలు గౌరి పొద్దున ఒకరింట్లో ఉగ్గాని తింటుంది, మధ్యాహ్నం ఇంకొకరింట్లో నిద్రపోతుంది, సాయంత్రానికి తల దువ్వించుకుని జడతో ఇల్లు చేరుతుంది. జడ ఎవరు వేశారని కూడా అడగరు. వీధి మొత్తానికీ కళ్ళున్నాయని ధీమా.

ఆ ధీమాను వెంటబెట్టుకునే, ఎండాకాలం సెలవుల్లో ఇంటిల్లిపాదీ హిందూపురం అవతల కొత్తగా కట్టిన నీళ్ళ పార్కుకు బయలుదేరారు. పగలంతా ఆటలు, రాత్రికి అక్కడే గదులు. బండిలో సుధాకర్, అతని భార్య మాధవీలత, గౌరి, నాగరత్నమ్మ, ఆమె మరిది ఆదెప్ప. దారిలో, పెనుకొండలో కాపురముంటున్న నాగరత్నమ్మ కూతురు ఝాన్సీ ఎక్కింది.

హిందూపురంలో టిఫినుకు ఆగినప్పుడు గౌరికి నీళ్ళలో వేసుకునే డ్రెస్సు కొన్నారు. మాధవీలత నారింజ రంగుది తీసింది.

"ఏం రంగే అది, రోడ్డు పనోల్ల చొక్కా మాదిరి!" అని నాగరత్నమ్మ దాన్ని పక్కకు తోసేసింది. నీలమూ పచ్చా కలిసిన నెమలికంఠం రంగుది వెతికి పట్టుకుంది. "ఇది జూడు. పిల్ల ఒంటి మింద ఎట్ల మెరుస్తాదో."

"రంగుల కాడ మీ అత్తతో పోట్లాడద్దు పాపా," అన్నాడు ఆదెప్ప. "మా అన్నే గెల్సలేదు."

పార్కు గేటు దగ్గర ఈల మెడలో వేసుకున్న కుర్రవాడు అందరినీ నిలబెట్టి చెప్పాడు. చీరలతో నీళ్ళలోకి దిగకూడదు. నేల తడిగా ఉంటుంది, పరుగెత్తకూడదు. చిన్నపిల్లలుంటే చెయ్యి చాపితే అందేంత దూరంలో పెద్దవాళ్ళు ఒకరు ఉండాలి. అందరూ తలలూపారు. గౌరి కూడా ఊపింది.

ఆదెప్ప అద్దె నిక్కరు వేసుకుని బయటికొచ్చేసరికి ఝాన్సీ నవ్వు ఆపుకోలేకపోయింది.

"నగు, నగు," అన్నాడు ఆయన. "ఈ నిక్కరులో మీ చిన్నమ్మ జూసిందంటే ఇంట్లోకి రానీదు."

అలల కొలను సముద్రం మాదిరి కట్టారు. ఒక పక్క పాదం మునిగేంత నీళ్ళు, పోనుపోను లోతు. అడుగంతా నీలం రంగు. సైరన్ మోగితే అలలు లేస్తాయి, కాసేపటికి అణుగుతాయి. నాగరత్నమ్మ చీరతోనే ఉంది కాబట్టి ఒడ్డున కుర్చీలో కూర్చుంది. ఆదెప్ప గాలి ట్యూబులో వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. సుధాకర్ ఫోన్లో ఫోటోలు తీస్తున్నాడు. మాధవీలత, ఝాన్సీ మోకాటి లోతులో నిలబడి మాటల్లో పడ్డారు. గౌరి వీళ్ళ మధ్య ఎగురుతూ ఉంది.

ఎండకు నాగరత్నమ్మ నాలుక ఎండింది. "నేనట్ల పోయి మజ్జిగ తాగొస్తా. పిల్లను జూస్తాండండి," అని కేకేసింది.

అందరికీ వినబడింది. నలుగురున్నారు కదా అని ఆమె వెళ్ళిపోయింది.

మజ్జిగ గ్లాసు నోటి దగ్గర ఉండగానే సైరన్ మోగింది. ఆమె తిరిగొచ్చేసరికి అలలు ఎగసి పడుతున్నాయి, జనం కేరింతలు కొడుతున్నారు. కళ్ళు చికిలించి చూసింది. కొడుకు కనబడ్డాడు. కోడలు కనబడింది. ఇద్దరి పక్కనా పిల్ల లేదు.

"మాధవీ! గౌరి యాడ?"

"చిన్నమామ కాడ ఉండాది గదా అత్తా!"

ఆదెప్ప ట్యూబులో లేచి కూర్చున్నాడు. "నా కాడ యాడుంది? సుధాకరు ఫోటో తీస్తాన్యాడు గదా!"

"అమ్మా, నీ కాడ లేదా?" అన్నాడు సుధాకర్. అని, ఆ మాట నోట్లో ఉండగానే అతని ముఖం తెల్లబోయింది.

నాగరత్నమ్మకు పరుగెత్తకూడదన్న మాట జ్ఞాపకముంది. అయినా పరుగెత్తింది. ఎత్తు కుర్చీ మీద కూర్చున్న ఈల కుర్రవాడి కాలు పట్టుకుంది.

"అబ్బా, పిల్ల కనబల్లేదు! ఆపు నాయనా, అలలు ఆపు!"

అతను మారు మాట అడగలేదు. ఈల ఊది చెయ్యెత్తాడు. ఎక్కడో మోటారు ఆగింది. "ఏం రంగు డ్రెస్సమ్మా?"

"నెమలికంఠం."

"అంటే?"

"నీలం... రోంత పచ్చ కలిసి... నీళ్ళ రంగు నాయనా." ఆ మాట అంటూనే ఆమె కొలను వైపు చూసింది. ముందరంతా అదే రంగు. వెతికి వెతికి కొన్న రంగు.

అతను జనం మీద చూపు తిప్పాడు. నారింజ, ఎరుపు, పసుపు రంగుల పిల్లలు దూరం నుంచి కూడా తెలుస్తున్నారు. పైన కనబడనిది కిందే ఉండాలనుకున్నాడేమో, దూకాడు. ఆదెప్ప ట్యూబు చుట్టుపక్కల తేలుతున్న ట్యూబులన్నీ తోసేశాడు. మూడో దాని కింద మునిగి, చేతుల్లో గౌరిని ఎత్తుకుని లేచాడు.

అంత మంది మధ్యలో పిల్ల ఒక్క కేకైనా వేయలేదు. చిన్నతాత ట్యూబు పట్టుకుని వేలాడుతుంటే మొదటి అల చెయ్యి జార్చింది. రెండో అల ఆమెను పక్క ట్యూబు కిందికి నెట్టింది. అంతే. ఆదెప్పకు మూరెడు దూరం. ఆయన కళ్ళు మూసుకుని హాయిగా ఊగుతున్నాడు.

కుర్రవాడు పిల్లను ఒడ్డున పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. గౌరి దగ్గింది, నీళ్ళు కక్కింది, మళ్ళీ దగ్గింది. తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు వినబడేదాకా నాగరత్నమ్మ పిడికిట్లో నలిగిన తన కొంగును వదల్లేదు.

అప్పుడు మొదలైంది తగువు.

"పిల్లను పెట్టుకుని ఫోటోలేంటికి నీకు?" అంది ఝాన్సీ అన్నతో.

"నువ్వూ మీ వదినా ఏం జేస్తాన్యారు? పెనుకొండ కతలన్నీ ఈడనే చెప్పుకోవల్లనా?"

"నన్నేమన్నా అనండి," అన్నాడు ఆదెప్ప. "పక్కనే ఉన్న్యా."

మాధవీలత తడిసిన పిల్లను గుండెకు హత్తుకుని కూర్చుంది.

"ఎవురినీ అనద్దండి," అంది నాగరత్నమ్మ. "లేసిపోయింది నేను. ఊఁ అన్న్యారా లేదా అని జూడకుండా పోతి. అంచు పువ్వుకు ఇచ్చిన మర్యాద పిల్లకు ఇయ్యకపోతి."

సుధాకర్ తల వంచుకున్నాడు. మగ్గం దగ్గర పెరిగినవాడికి అంతకంటే చెప్పనక్కర్లేదు.

గదులు వద్దనుకుని నేరుగా హిందూపురంలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన ఛాతీ విని, వేలికి మిషన్ పెట్టి చూసి, చాలాసేపు తన ముందరే కూర్చోబెట్టుకున్నాడు. ఇప్పటికి బాగానే ఉందన్నాడు. రేపటిదాకా మాత్రం ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. దగ్గు ఎక్కువైనా, ఊపిరి ఎగబోస్తున్నా, పిల్ల మత్తుగా ఉన్నా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

బయటికొచ్చాక నాగరత్నమ్మ పొద్దున ఆగిన బట్టలకొట్టు ముందర బండి ఆపించి, ఒక్కతే దిగిపోయింది. నారింజ రంగు డ్రెస్సుతో వచ్చింది. మాధవీలత దాన్ని చూసింది, అత్తను చూసింది.

"ఇంగ నీళ్ళ కాడికి పోతామా అత్తా?"

"ఎందుకు పోము? పిల్ల భయపడి పెరగల్లనా? పోతాము. ఈసారి నేను గుడ్డ మార్చుకొని దిగుతా."

వెనక సీటు నుంచి ఆదెప్ప, "నీకూ నిక్కరు అద్దెకిస్తారులే వదినా," అన్నాడు. కొలను దగ్గరి నుంచీ ఏడుపు ముఖంతో ఉన్న మాధవీలత కూడా ఫక్కున నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

దారిలో గౌరి ఝాన్సీ ఒళ్ళో తల పెట్టుకుని, ట్యూబు కింద అంతా నీలంగా ఉండిందని, అవ్వ కనబల్లేదని చెప్పింది. తర్వాత కునికింది. ఝాన్సీ పిల్ల ఛాతీ మీద చెయ్యేసి, అది లేచి పడేది చూస్తూ కూర్చుంది. ఒకసారి తట్టి లేపి పేరడిగింది. "గౌరి, పో అత్తా," అని విసుక్కుంది పిల్ల. బండిలో అందరికీ ఆ విసుగు తీయగా వినిపించింది.

పొద్దు గుంకుతుండగా పెనుకొండ వచ్చింది. కొండ కింద, ఝాన్సీ దిగాల్సిన చోట బండి ఆగింది. సుధాకర్ తలుపు తీశాడు. ఆమె కదల్లేదు. పిల్ల ఛాతీ మీద చెయ్యి అట్లాగే ఉంది.

"అమ్మా," అంది. "నీ చేతిలో."

నాగరత్నమ్మ ముందుకు జరిగింది. పిల్ల తలను తన ఒళ్ళోకి తీసుకుంది, కూతురి చెయ్యి ఉన్నచోటే తన చెయ్యి పెట్టింది. ఊపిరి అందుతోంది. ఒకటి వచ్చి, పోయి, ఇంకొకటి వచ్చేదాకా ఆగింది. ఝాన్సీ తన చెయ్యి తీయకుండా తల్లి ముఖంలోకి చూస్తూ ఉంది.

"ఊఁ," అంది నాగరత్నమ్మ. "నా చేతిలో."

అప్పుడు దిగింది ఝాన్సీ.