బేబీ గారి ఎదురు

బకెట్ చక్రాల్లో ఒకటి ఎప్పుడూ కీచుమంటుంది. హామిల్టన్‌లోని ఆ ఆసుపత్రి నాలుగో అంతస్తులో బేబీ పదకొండేళ్ళుగా పసుపుపచ్చ బకెట్ తోస్తోంది. ఈలోగా మూడు బకెట్లు మారాయి గానీ కీచుమనడం మాత్రం మారలేదు. కిటికీ వైపు నుంచి మొదలుపెట్టి, తుడిచిన చోట కాలు పెట్టకుండా వెనక్కి నడుస్తూ తుడుస్తుంది. యాభై ఎనిమిదేళ్ళ పొట్టి మనిషి. నీలం యూనిఫాం మీద చేతుల్లేని స్వెటరు, బిగించి కట్టిన ముడి. రసాయనాల నీళ్ళకు వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడ్డాయి.

ఉదయం ఏడున్నరకు పన్నెండో గదిలో మంచం బ్రేకు తీసిన 'టక్' చప్పుడు వినిపించింది. ఎవరినో స్కాన్‌కి తీసుకెళ్తున్నారు. బేబీ తుడిచే కర్ర గోడకు ఆనించి, బకెట్‌తో సహా సామాన్ల గదిలోకి తప్పుకుంది. కుళాయి తిప్పి నిలబడింది. మంచం చక్రాలు తలుపు దాటి లిఫ్టు దాకా వెళ్ళాక బయటికి వచ్చింది. పదకొండేళ్ళలో ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పైగా, ఇంత తరచుగా నీళ్ళు మార్చే మనిషి ఇంకెవరూ లేరని సూపర్‌వైజర్ ఒక ఏడాది సర్టిఫికెట్ కూడా ఇచ్చింది.

అసలు సంగతి నీళ్ళు కాదు. ఎవరైనా ఒక పని మీద బయలుదేరుతుంటే బేబీ ఎదురు రాదు. పాతికేళ్ళ కిందట తునిలో ఉన్నప్పుడు ఒక తెల్లవారుజామున వీధి కుళాయిలో నీళ్ళు రాక ఖాళీ బకెట్‌తో ఇంటికి వస్తుంటే, లోడుతో బయలుదేరుతున్న మొగుడు పాండురంగ సరిగ్గా గుమ్మంలో ఎదురయ్యాడు. "నువ్వెదురొస్తే నాకు మంచిదేలే" అని నవ్వి లారీ ఎక్కాడు. రాజమండ్రి దాటాక లారీ కల్వర్టును కొట్టింది. మనిషి మిగల్లేదు. లారీ బ్రేకుల గురించి ఎవరూ అడగలేదు. ఖాళీ బకెట్ గురించి మాత్రం వీధంతా అడిగింది. అప్పటి నుంచి ఎవరూ చెప్పకుండానే ఆవిడ పక్కకు తప్పుకోవడం నేర్చుకుంది. కూతురు ధరణి స్పాన్సర్ చేసి కెనడా తెచ్చుకుంటే, ఆ అలవాటు కూడా సూట్‌కేసులో పెట్టినట్టు వెంటే వచ్చింది. అల్లుడు వంశీధర్ ఇంటర్వ్యూకి వెళ్ళిన ప్రతిసారీ కారు వీధి దాటేదాకా బాత్రూంలో కూర్చునేది. ఆ గోడకు ఎన్ని టైల్సున్నాయో ఆవిడకు కంఠతా వచ్చు.

తొమ్మిదో గదిలో అమరేశ్వరరావు గారు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఎనభై ఒక్క ఏళ్ళు. ఇక్కడి యూనివర్సిటీలోనే ముప్పై ఏళ్ళు లోహాల గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. గుండె ఆపరేషన్ కోసం చేరి తొమ్మిది రోజులైంది. బేబీ ఆయన్ని మాస్టారూ అని పిలుస్తుంది.

"నా మంచం కదిలినప్పుడల్లా మీరు ఆ గదిలోకి దూరిపోతారు. నాలుగు సార్లు చూశాను. నేనంటే పడదా బేబీ గారూ?"

"అయ్యబాబోయ్, అదేం మాటండీ! నా ఎదురు మంచిది కాదండి. మీరు బాగుండాలనేనండి."

కర్ర పట్టుకుని నిలబడే, ఎవరికీ చెప్పనిదంతా నాలుగు ముక్కల్లో చెప్పేసింది. ఇక మూఢనమ్మకాల మీద ఉపన్యాసం మొదలవుతుందనుకుంది. ధరణి అయితే నెలకోసారి ఇస్తుంది. ఆయన మాత్రం కళ్ళజోడు తీసి దుప్పటితో తుడుచుకున్నారు.

"నాకు ఎదురు మీద నమ్మకం ఉందండీ. ఇంత సైన్సు చదివాను, అయినా ఉంది. మా ఆవిడ రాగిణి ఎదురు రాకుండా ఏనాడూ కారు స్టార్ట్ చేయలేదు. ఎంత మంచు కురిసినా కోటేసుకుని డ్రైవ్‌వే చివరిదాకా వెళ్ళి తిరిగి నడిచొచ్చేది. తను పోయి ఆరేళ్ళు. ఇవాళ పదింటికి నన్ను ఆపరేషన్‌కి తీసుకెళ్తారు. మీరు ఎదురు రండి."

"నేనా! వద్దండి బాబూ. కావాలంటే మా అమ్మాయిని పిలుస్తానండి. పసుపు కుంకాలున్న మనిషి."

"మీ అమ్మాయి నాకు తెలీదు. తొమ్మిది రోజులుగా పొద్దున్నే మొదట చూసేది మీ మొహమే. ఖాళీ బకెట్ చెడ్డదైతే నిండు బకెట్ మంచిదేగా? అదీ మన శాస్త్రమే. నిండా నీళ్ళతో రండి."

"తర్వాత ఏమన్నా అయితేనండీ?"

"డాక్టర్ సగం సగం అన్నాడు. ఆ సగం నా గుండెది. మీది కాదు."

ఆయన అడిగితే బేబీ గోడ బోర్డు దగ్గరున్న మార్కర్ అందించి, పేపర్లో గళ్ళనుడి నింపుకుంటారేమో అనుకుంటూ బయటికి వచ్చేసింది.

పదికి ఐదు నిమిషాలుందనగా సామాన్ల గదిలో ఉంది. రోజూ లాగే తలుపు వేసుకుంది, కుళాయి తిప్పింది. తొమ్మిదో గది వైపు 'టక్'మంది. బయటికి వెళ్తే ఆయన ప్రాణం మీదికి తెచ్చినదాన్నవుతానేమో. వెళ్ళకపోతే, అంత పెద్దమనిషి నోరు తెరిచి అడిగాక కూడా ఆయన్ని ఎదురు లేకుండా పంపినదాన్నవుతాను. ఏడుపొచ్చింది. ఈలోగా బకెట్ నిండి నీళ్ళు బూట్ల మీదికి పొర్లాయి.

తలుపు తోసుకుని వచ్చింది.

అవతలి చివర నుంచి మంచం వస్తోంది. కళ్ళజోడు తీసేసినట్టున్నారు, మాస్టారు వెలుతురుకు కళ్ళు చికిలిస్తున్నారు. బకెట్ కీచుమంది. ఆయన తల ఇటు తిరిగింది.

"వచ్చారా బేబీ గారూ?"

"వచ్చానండి మాస్టారూ."

ఆయన దుప్పటిలోంచి రెండు చేతులూ తీసి దణ్ణం పెట్టారు. సెలైన్ గొట్టం కొంచెం ఊగింది. మంచం లిఫ్టులోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆవిడ మామూలుగానే పని చేసింది. మధ్యాహ్నం డబ్బా తెరిచి పెరుగన్నం రెండు ముద్దలు తిని మూసేసింది. మూడింటికి నర్సు వచ్చి, తొమ్మిదో గది ఖాళీ చేసి శుభ్రం చేయాలంది. గొంతు తగ్గించి చెప్పింది కాబట్టి బేబీకి ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. ఆపరేషన్ మధ్యలోనే పోయారు.

గదిలో మాస్టారి కూతురు అమృత తండ్రి బట్టలు సంచిలో సర్దుతోంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. బేబీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చెప్పకుండా ఉండటం ఆవిడ వల్ల కాలేదు.

"పొద్దున్న నేనే ఎదురొచ్చానమ్మా."

తిట్టినా పడదామనుకుంది. అమృతకు మాత్రం అది తప్పెందుకవుతుందో అసలు తెలియదు. దగ్గరికొచ్చి ఆవిడ తడి చేతులు పట్టుకుంది.

"యూ ఆర్ బేబీ ఆంటీ? థాంక్యూ. హీ వజ్ స్కేర్డ్ ఆల్ వీక్. ఈవేళ... భయం లేదు, ఆంటీ. నాన్నకి భయం లేదు. కింద లిఫ్ట్ దిగుతూ నవ్వాడు, మీ పేరు చెప్పాడు."

ఆ పిల్ల వెళ్ళిపోయాక బేబీ ఖాళీ మంచం మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. మాస్టారి కోసమే ఏడ్చింది. పాతికేళ్ళలో ఒక చావుకు తనను తాను తిట్టుకోకుండా ఏడవడం అదే మొదటిసారి.

తర్వాత లేచి పరుపు, కమ్మీలు, టెలిఫోను తుడిచింది. చివరగా తుడవాల్సింది గోడ మీది తెల్లబోర్డు. తేదీ తుడిచింది. నర్సు పేరు, డాక్టర్ పేరు తుడిచింది. అడుగున నీలం మార్కర్‌తో వణికిన తెలుగు అక్షరాలున్నాయి. ఆవిడ వస్తాననకముందే, రావాలో వద్దో తనకే తెలియకముందే, ఆయన రాసేసుకున్నారు. గుడ్డ అక్కడ ఆగిపోయింది.

నడవాలో ఏదో మంచం బ్రేకు 'టక్'మంది. అలవాటు చొప్పున కాళ్ళు సామాన్ల గది వైపు తిరిగాయి. బేబీ వంగి బకెట్ చూసుకుంది. నిండుగానే ఉంది. దాన్ని తోసుకుంటూ నడవా మధ్యకు, వస్తున్న మంచానికి ఎదురుగా నడిచింది.

తొమ్మిదో గదిలో, అంతా తుడిచేసిన బోర్డు మీద ఒక్క వరుస మిగిలింది: 'ఎదురు - బేబీ గారు.'