ముట్టని కూత

కరోనా కాస్త తగ్గాక కూర్మన్నపాలెం మైదానంలో ఆడపిల్లల కబడ్డీ మళ్లీ మొదలైంది. మొదటి కూతకి శ్రీసత్య వచ్చింది. జబ్బు నయమై నెల దాటినా ఆ పిల్ల ఇంటివైపు స్నేహితులెవరూ తొంగిచూడలేదు.

ఎదుటి జట్టు కెప్టెన్ రోజారమణిది ఉడుంపట్టని పేరు. "కబడ్డీ, కబడ్డీ" అంటూ శ్రీసత్య ఊపిరి తన మీదికొచ్చేసరికి, ఆ ఉడుంపట్టు చెయ్యి ముక్కు మూసింది. రోజారమణి వెనక్కి జరిగింది. జట్టంతా ఆమెతోనే జరిగింది.

శ్రీసత్య కూత ఆపేసింది.

"నువ్వైనా పట్టుకుంతావనుకున్నానే, రోజా."

రోజారమణి తల దించుకుంది. తన కాళ్లు రెండూ బరి చివరి సున్నపు గీతకి అవతలున్నాయి. పక్కన జట్టందరివీ అంతే.

"నాను ఎవుల్నీ ముట్టుకోనేదు," అంది శ్రీసత్య. "అయినా అందరూ అవుటైపోనారు."