నీలిరేకు బొమ్మ

ఆ ఇంట్లో బొమ్మలు వేసేది మొదట పెద్దకోడలే. పెరటి షెడ్డులో తుప్పు రేకులు, చిరిగిన గోనెసంచులు, విరిగిన చెక్కలు పోగేసి, కాన్వాసుకు అంటించి, వాటిమీద రంగులు పూసేది. చిన్నకోడలు కాపురానికొచ్చాక సరదాకి పక్కన కూర్చుంది. "అక్కా, ఈ ముక్క నాకిస్తావా?" అంటూ మొదలుపెట్టింది. ఏకు మేకైంది.

ఒకనాడు ప్రదర్శనశాల నడిపే ఆవిడ పెద్దకోడలి బొమ్మలు చూడటానికి వచ్చింది. అన్నిటికీ మర్యాదగా తలూపి, మూలనున్న బొమ్మ ముందు మాత్రం నిలబడిపోయింది. నల్లరంగు పూసిన గోనెపట్ట మీద నలిగిన నీలి డబ్బారేకు.

"ఇదెవరిది?"

"నాదండీ" అంది చిన్నామె, సిగ్గుపడుతూ.

ఆవిడ ఆ ఒక్కటే ప్రదర్శనకు కావాలంది. పెద్దామె కడుపులో నిప్పులు పోసినట్టయింది. ఆ రేకు వీధిలో ముందు తనకే కనబడింది. పనికిరాదని కాలితో తన్నేసింది.

సాయంత్రం చిన్నామె అడిగింది: "అక్కా, రేకు ఊడొస్తోంది. దేంతో అంటించను?"

"మైదా జిగురు చాల్లే" అంది పెద్దామె, కుంచె కడుగుతూ, తలెత్తకుండా. అది రేకును పట్టి ఉంచదని ఆమెకు బాగా తెలుసు.

ప్రదర్శన మొదలైన రోజే, నిండు జనంలో, రేకు ఠంగుమని కిందపడింది. చిన్నామె మొహం పాలిపోయింది. తనకు నవ్వొస్తుందనుకుంది పెద్దామె. రాలేదు. బోసిపోయిన గోనెపట్ట చూస్తే తన బొమ్మే పాడైనట్టు ప్రాణం ఉసూరుమంది. సంచిలోంచి మేకూ సన్నతీగా తీసి, రేకు అంచుల్లో బెజ్జాలు పొడిచి, గోనెకు బిగించి కుట్టేసింది.

"మా అక్క లేకపోతే నా పరువు గంగలో కలిసేది!" అని చిన్నామె అందరికీ చెబుతుంటే ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

తిరుగు బస్సులో పెద్దామె ఉండబట్టలేక అనేసింది: "ఆగదని తెలిసే చెప్పానే."

"నాకూ అనుమానమొచ్చింది. నువ్వు చెప్పావు కదా అని ఊరుకున్నా."

"మరి తిట్టవేం?"

"ఇంటికెళ్ళనీ, తిడతాను."

అన్నంత పనీ చేసింది. ఇల్లు ఎగిరిపోయేలా తిట్టింది. రెండ్రోజులు మాటల్లేవు. ఆ తర్వాత షెడ్డులో మళ్ళీ పక్కపక్కనే పని చేసుకున్నారు.

అయినా పెద్దామె కడుపుమంట చల్లారలేదు. ఓసారి వీధి చివర రంగు పెచ్చులూడిన తలుపుచెక్క దొరికితే, పాతదుప్పటిలో చుట్టి తెచ్చి మంచం కిందికి తోసేసింది.

"ఏమైనా దొరికిందా అక్కా?"

"ఏం లేదే, ఉత్త చెత్త" అంది పెద్దామె.