ఆళ్లగడ్డ మీద రెండు చుట్లు

సుందరరాజు పద్దెనిమిదేళ్ళు వైమానిక దళంలో జెట్ ఇంజన్లు విప్పి బిగించాడు. ఒక్కనాడూ గాల్లోకి లేవలేదు. ఆయన చేతికొచ్చిన విమానాలన్నీ ఒంటి సీటువి, ఆ సీటేమో పైలట్‌ది. పెళ్ళిలో వండినవాణ్ణి నువ్వు తిన్నావా అని ఎవరడుగుతారు? ఈయన్నీ ఎవరూ అడగలేదు.

ఆయన భార్య హన్నమ్మకు మాత్రం ఆ సంగతి మింగుడుపడలేదు. మొగుడు దేశం మీద ఉన్నన్నాళ్ళూ ఆళ్లగడ్డలో ఏ విమానం చప్పుడు వినబడ్డా, పొయ్యి మీద అన్నం మాడుతున్నా సరే, బయటికి పరుగెత్తి పైకి చూసేది. తాను ఎక్కననీ, ఎక్కనివ్వరనీ ఆయన సెలవుకొచ్చినప్పుడల్లా చెప్పేవాడు. "అన్ని దినాలు మరమ్మతు చేస్తే ఒగ దినమన్నా ఎక్కించుకోరా?" అనేది ఆవిడ. ఆవిడ న్యాయం ఆవిడది.

దళం నుంచి వచ్చాక ఆయన ఆళ్లగడ్డలోనే బోరు మోటార్లు బాగుచేసుకుంటూ గడిపాడు. ఇప్పుడు చూపు తగ్గిపోతోంది. కంటి నరం ఎండిపోతోంది, పోయింది రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నాడు కర్నూలు డాక్టరు. ఆయన "సరేలే" అని బస్సెక్కాడు. ఏడ్చింది కూతురు ప్రసన్నకుమారి.

ప్రసన్నకుమారి నంద్యాలలో మిషన్ బడిలో లెక్కల టీచరు. ఎనభై ఆరులో సర్కారు వారు ఆ బడికి రెండు కంప్యూటర్లు ఇచ్చారు. హెడ్మిస్ట్రెస్ వాటికి దుప్పట్లు కప్పి, చెప్పులు బయట విడవమని బోర్డు పెట్టించింది. వాటిమీద శిక్షణ పొందింది ప్రసన్నకుమారి ఒక్కతే. నాయనకు కళ్ళు పూర్తిగా పోకముందే ఆయన్ని ఒక్కసారి ఎగిరించాలని ఆమెకు పట్టుకుంది. వేసవంతా కూర్చుని జెట్ విమానం నడిపే ప్రోగ్రాం రాసింది. మద్రాసులో లేచి కడప, ఆళ్లగడ్డ మీదుగా నంద్యాలలో దిగాలి. నంద్యాలలో విమానాలు దిగే చోటెక్కడుందని అడక్కండి. రాసింది ఆమె కాబట్టి బడి వెనక మైదానంలోనే రన్‌వే వేసుకుంది.

బడి తెరిచిన వారమే నాయన్ని పిలిచింది. హన్నమ్మ కూడా టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెంటబడింది. సుందరరాజు తెరకు ముక్కు ఆనించి మీటలు నొక్కాడు. కాసేపు పైన పోయాడు, కాసేపు కింద పోయాడు. ఇంధనం అంకె వైపు చూసి చెయ్యి తీసేశాడు.

"ఏందీ పాపా, ఇది బస్సు."

"ఎందుకు నాయనా?"

"పైన పోయినా అంతే తాగుతాంది, కింద పోయినా అంతే తాగుతాంది. జెట్ అట్ల తాగదు."

"ఆటకని రాసినాలే నాయనా."

"ఆటైతే బిడ్డలకియ్యి. నాకెందుకు?"

అని లేచాడు. ముక్కుసూటి మనిషి, కూతురని చూడడు. ప్రసన్నకుమారికి ప్రాణం చివుక్కుమంది. వేసవి సెలవులన్నీ తెరముందు కరగబెట్టుకుంది, బస్సని ఒక్క మాటతో కొట్టేస్తాడా? కానీ ఆమె కూడా ఆయన కూతురే. ఆ తరవాతి ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే ఆళ్లగడ్డ బస్సెక్కి ఆయన ముందు కూర్చుంది.

"ఎట్ల తాగుతాదో సెప్పు."

ఆయన మొహం వెలిగింది. అన్నాళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "కింద గాలి మందం. ఇంజను ఎనుము కుడితి తాగినట్ల తాగుతాది. పైకి పోయేకొద్దీ గాలి పలచనైతాది, తాగేది తగ్గుతాది. తాగేకొద్దీ విమానం తేలికైతాది. తేలికైతే ఇంగా తక్కువ తాగుతాది. అందుకే నిండా నింపగూడదు. మోసేదానికే సగం తాగేస్తాది. పోయేదానికి ఎంత కావాలో అంత, పైన రవ్వంత."

అలా ఎన్నో ఆదివారాలు గడిచాయి. ఏ ఎత్తులో ఎంత, ఏ బరువుకు ఎంత అని ఆయన చెప్పడం, ఆమె వెళ్ళి ప్రోగ్రాంలో మార్చడం. ఒకటి సరిచేస్తే ఇంకోటి తప్పేది. విమానం ఒకసారి మద్రాసులోనే లేవనంది, ఒకసారి ఎక్కిన ఎత్తు దిగనంది. ఈలోగా ఆయన చూపు గొట్టంలోంచి చూసినట్టయింది. ఆమె ఒక పక్క అంకెలు సరిచేస్తూనే, మరోపక్క తెరమీద అంకెల్ని పెద్దవి చేస్తూ పోయింది. ఎంత పెద్దవి చేసినా చాలలేదు. ఆ చూపుతో పందెంలో తాను వెనకబడుతున్నట్టు ఆమెకు తెలుస్తూనే ఉంది.

క్రిస్మసు సెలవులకు ముందు మళ్ళీ పిలిచింది. ఆయన తెర ముందు కూర్చుని చాలాసేపు చూశాడు.

"యాడుండాయి అంకెలు?"

ప్రసన్నకుమారి పక్కన కుర్చీ లాక్కుని ఆయన వేళ్ళు మీటల మీద పెట్టింది. "నేను సదువుతా. నువ్వు నడుపు నాయనా."

ఇంధనం ఎంత పొయ్యాలో ఆయనే చెప్పాడు. పోయేదానికి ఎంతో అంత, పైన రవ్వంత. మద్రాసులో లేచారు. ఆమె ఎత్తు చదివింది, వేగం చదివింది, ఇంధనం చదివింది. ఆయన కళ్ళు మూసుకుని వింటూ మీటలు నొక్కాడు. పైకెక్కేకొద్దీ ఇంధనం తరగడం నెమ్మదించింది. ఆయన పెదాలు కదులుతున్నాయి, లోపల లెక్క కట్టుకుంటున్నాడు. ఈసారీ వెంటవచ్చిన హన్నమ్మ వెనక బల్లమీద ప్రార్థనలో కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కడప దాటింది. "ఆళ్లగడ్డ వచ్చె నాయనా. ఇట్లే నేరుగా పోతే నంద్యాలకు సరిపోతాది."

"తెలుసు" అని ఆయన కిందికి దిగే మీట నొక్కాడు.

"కిందికెందుకు? శానా తాగుతాది!"

"తాగనీ." దించాడు, ఇంకా దించాడు. తిప్పే మీట నొక్కి పట్టాడు. "ఏమే హన్నమ్మా, మన ఇంటి మీదనే తిరుగుతాండా. బయటికొచ్చి సూడు."

హన్నమ్మ నిజంగానే తలెత్తి ఆ గది పైకప్పు వైపు చూసింది. ఆయన ఒక చుట్టు తిప్పాడు. ప్రసన్నకుమారి అంకె చదివింది. ఆయన ఇంకో చుట్టు తిప్పాడు. అప్పుడు విమానాన్ని నంద్యాల వైపు మళ్ళించాడు.

తెరమీద ఇంధనం ముప్ఫై ఉంది. నంద్యాలకు అది చాలదు. ఆయనకివ్వాలని ఇన్ని నెలలు కాచుకున్నది రన్‌వే దగ్గర పోగొట్టడమా? ప్రసన్నకుమారి మనసు ఒప్పుకోలేదు.

"డెబ్భై" అని చదివింది. మనసులో ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఆయనకు తెర కనబడదు కదా, దిగినట్టే చదివేస్తే?

ఆయన నవ్వాడు. "డెబ్భై యాడుంటాది పాపా? రెండు చుట్లు తిరిగితిమి. నలభై గూడా ఉండదు. ఉండేది సదువు."

ఆమె చదివింది. ముప్ఫై ఇరవై అయింది, పది అయింది, సున్నా అయింది. శిరివెళ్ళ దాటి, నంద్యాల ఇంకా రాకముందే వరిమళ్ళలో పడిపోయింది విమానం. ప్రసన్నకుమారి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇంగొగసారి పోదాం నాయనా. ఇంగా కొంచెం పోసుకుందాం."

"వద్దు పాపా." ఆయన మీటల మీంచి చేతులు తియ్యలేదు. ఆ మొహంలో బాధలేదు, పిల్లాడికి జాతరలో రంగులరాట్నం దిగాలనిపించనట్టుంది. "పోయిన తూరి పైన పోయినా కింద పోయినా ఒగటే. అందుకే అది ఎగరడం గాదు. ఈ పొద్దు కిందికి దిగి తిరిగితిమి, చమురైపోయి పడినాం సూడు, నిజంగా పైన ఉన్నెట్టే."

హన్నమ్మకు అదంతా పట్టలేదు. ఆవిడ బాధంతా వరిమళ్ళలో పడ్డ విమానం గురించే. "తెలిసి తెలిసి రెండో చుట్టు ఎందుకు తిరిగినావయ్యా? ఒగటి సాలదా?"

సుందరరాజు ఆవిడ గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

"మొదటి చుట్టుకు నువ్వింగా ఇంట్లోనే ఉంటివి గదే. బయటికొచ్చేదానికి రవ్వంత సేపు పడుతాది."