తెల్లరాయి దాకా

దాసన్న వంగి చిటికెడు ఎర్రమన్ను తీసి వేళ్ల సందులోంచి వదిలాడు. మన్ను పడమరకు వాలింది. అంటే ఈరోజు గాలి తూర్పు నుంచి వీస్తోంది, రింగులకు పడమటి పక్కనుంచే వంగాలి. తొమ్మిదేళ్లుగా పొద్దున రాగానే చేసే మొదటి పని ఇదే. టవరు పైన గాలి దిక్కు చూపే యంత్రం ఒకటి గిర్రున తిరుగుతూనే ఉంటుంది. అయినా తలెత్తి దాన్ని చూడటం కంటే వంగి మన్నును అడగటమే అతనికి నమ్మకం.

ఆత్మకూరు దాటాక నల్లమల మొదలయ్యే చోట, ముళ్లకంచె లోపల రెండెకరాల చిట్టడవి అది. నల్లమద్ది, తునికి, సండ్ర చెట్లు. నడుమ ఇనుప టవరు, దాని మొదట్లో ఒక పెట్టె, పక్కన సున్నం కొట్టిన తెల్లరాయి. రాయికి ముందువైపున, ఇరవై అంగల దూరంలో, వంపుగా నేలలోకి దిగ్గొట్టిన ఎనిమిది రింగులు. పెట్టె నుంచి పొడుగాటి ట్యూబు వస్తుంది, ట్యూబు చివర బోర్లించిన గిన్నెలాంటి ప్లాస్టిక్ మూత ఉంటుంది. ఆ మూతను ఒక రింగు మీద పెట్టి, మూడు నిమిషాలు ఆగి, తీసి మరో రింగు మీద పెట్టడం దాసన్న ఉద్యోగం. ఇంతోటి పనికి ఒక మనిషా అని ఊళ్లో ఎకసెక్కాలాడేవాళ్లు. ఒక ఏడాది మోటారుతో కదిలే మూతలు కూడా తెచ్చి బిగించారు. ఈ దుమ్ముకు అవి నెల తిరక్కుండా బిగుసుకుపోయాయి. దాసన్న బిగుసుకోలేదు, అప్పటికి.

పని నేర్పింది శ్రీవిద్య. నగరంలో ఆఫీసు, చేతిలో ఎప్పుడూ ఈ పెట్టె పంపే లెక్కలు చూపే కంప్యూటరు, దాసన్న కూతురు మహిమ కంటే రెండేళ్లు పెద్ద. పదహారు రోజులకోసారి మధ్యాహ్నం ఒకటిన్నరకు ఒక ఉపగ్రహం ఈ అడవి మీదుగా పోతుందనీ, ప్రపంచం మొత్తమ్మీద నేల ఎంత బొగ్గుపులుసు గాలి పీల్చుకుంటోందో, ఎంత వదులుతోందో అది పైనుంచి లెక్కగడుతుందనీ ఆమె చెప్పింది. పైనున్నదానికి ఆకు కనిపిస్తుంది గానీ ఆకు కింద మన్ను వదిలేది కనిపించదు. అది కింద మనిషే కొలవాలి. రెండు లెక్కలూ కలిస్తేనే పైదాన్ని నమ్ముతారు.

ఇందులో ఒక్కటే చిక్కు. మనిషి వదిలే ఊపిరిలో ఉండేదీ ఆ గాలే. మూత పెట్టే క్షణంలో అది లోపలికి పోయిందా, లెక్క చెడినట్టే. అందుకని రింగు ఇంకా ఐదంగలుందనగానే ఊపిరి బిగబట్టాలి, మూత పెట్టి మళ్లీ తెల్లరాయి దగ్గరికొచ్చాకే వదలాలి. మూత రింగు మీద ఉన్నంతసేపూ ఎవరూ కంచె లోపలికి రాకూడదు. సద్ది తెచ్చే పెళ్లాం జీవమ్మ కూడా క్యారియర్ కంచె గుంజకు తగిలించి బయటే నిలబడేది.

దాసన్నకు యాభై నాలుగేళ్లు. పొడుగు మనిషి, కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్లు కిందికి ఉంటుంది. ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు లారీలకు బస్తాలెత్తిన భుజం అది. నడినెత్తిన బస్తా ఒరుసుకున్నచోట వెంట్రుక మళ్లీ మొలవలేదు. అరిచేతి పగుళ్లలో బూడిదరంగు గీతలు ఎంత తోమినా పోలేదు. ఆ పద్దెనిమిదేళ్లలో అతని ఊపిరి సంగతి ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అడిగిన మొదటిది ఈ పెట్టె, అదీ దగ్గరికి రానీయవద్దని. ఆ మాటకు దాసన్న మొదట్లో నవ్వుకునేవాడు. చర్చిలో పాట ఎత్తుకునేది అతనే గనక, ఇరవై ఐదంగలు ఊపిరాపడం అతనికి ఒక లెక్కలోది కాదు.

రెండేళ్లుగా పాట ఇంకొకరు ఎత్తుకుంటున్నారు. మూడు నెలలుగా అతను పెదవులు మాత్రం కదుపుతున్నాడు. డాక్టరు ఊపిరితిత్తుల ఎక్స్‌రే ఫోటో వెలుతురుకెత్తి, తెల్లగా ఉన్నదంతా పనికిరాని భాగమేనని చెప్పాడు. ఫోటోలో చాలావరకు తెల్లగానే ఉంది. వంగగానే దగ్గు తన్నుకొస్తోంది. రింగు మీదే ఊపిరి జారిపోతోంది. ఆ సంగతి అతనికీ, జీవమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

పొద్దున జీవమ్మ జొన్నరొట్టె, పుంటికూర ముందు పెడితే తోసేశాడు. కడుపు నిండితే వంగలేనన్నాడు.

"ఆ తెల్లరాయిని ఇట్ల జరుపుకోరాదా. ఎవురొచ్చి కొలుస్తారు?" అంది ఆమె.

"మిషను కొలుస్తాదిమే," అన్నాడు దాసన్న.

నిజానికి పోయిన నెల ఒకసారి రాయిని ఎనిమిదంగలు ముందుకు దొర్లించాడు. ఆరోజంతా దొంగతనం చేసినవాడిలా తిరిగి, సాయంత్రం ఆయాసపడుతూ యథాస్థానంలో పెట్టి ఇంటికి పోయాడు. జీవమ్మకు ఈ ముక్క చెప్పలేదు.

తొమ్మిదింటికి శ్రీవిద్య ఫోన్ చేసింది. మబ్బు ఉందా అని అడిగింది.

"లేదమ్మా. అద్దం మాదిరి ఉండాది," అన్నాడు.

మూడు నెలలుగా కింది లెక్క పైలెక్కతో కలవడం లేదని ఆమె చెప్పింది. బ్యాటరీ మార్చాం, ట్యూబు మార్చాం, లోపలి మిషను రెండుసార్లు మార్చాం, ఇంక చేసేదేమీ లేదంది. ఈ రెండెకరాల ప్లాటే చెడిపోయింది, టవరు విప్పేద్దామని పెద్దవాళ్లు అంటున్నారట. ఈరోజు ఎనిమిది రింగులూ సరిగ్గా వస్తే ఎలాగో నిలబెడతానంది. ఆమె గొంతులో అలసట వినిపించింది.

"అమ్మా, ఒక మాట చెప్పల్ల," అన్నాడు దాసన్న.

"చెప్పన్నా."

ప్లాటుకేమీ కాలేదు, చెడిపోయింది నేనని చెప్పాలి. చెబితే ఈ సాయంత్రమే ఇంకొకరిని పెడతారు. కింది ఊరి లేవి ఎప్పటినుంచో అడుగుతున్నాడు, మంచి పిల్లవాడు, గట్టి రొమ్ము. అలా పెట్టడమే న్యాయమని కూడా దాసన్నకు తెలుసు. కానీ తొమ్మిదేళ్ల లెక్కను తన చేత్తోనే పాడుచేశానని ఆ అమ్మాయితో అనడానికి సిగ్గు ముంచుకొచ్చింది.

"మూతకు కొత్త రబ్బరు ఏసినా," అన్నాడు.

మంచిపని చేశావంది ఆమె.

ఒకటింబావుకు మొదలుపెట్టాడు. పెదవులు గుండ్రంగా చేసి రెండుసార్లు గాలి ఊది, మూడోసారి పీల్చి, బిగబట్టాడు. మొదటి రింగు. వంగాడు, మూత పెట్టాడు, రబ్బరు అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు, లేచాడు. దగ్గు గొంతుదాకా వచ్చింది. దవడలు బిగించి నడిచాడు. తెల్లరాయి చేరాక టవలు నోటికడ్డం పెట్టుకుని దగ్గాడు. మూడు నిమిషాలు గడిచాయి. పోయి మూత తీసి, గాలికి ఆడించి, మళ్లీ రాయి దగ్గరికొచ్చి, ఊపిరి కూడగట్టుకుని రెండో రింగుకు పోయాడు. నెమ్మదిగా చేద్దామంటే ఉపగ్రహం ఆగదు. అది దాటేలోపు కొన్ని, దాటగానే కొన్ని, అన్నీ కలిపి ముప్పావుగంటలో ముగించాలి.

మూడో రింగు, నాలుగో రింగు. ఒకటిన్నరకు అలవాటుగా తలెత్తి చూశాడు. నీలం తప్ప ఏమీ లేదు. ఈ తొమ్మిదేళ్లలో అది ఒక్కసారీ కనిపించలేదు. దానికి తానూ కనిపించనని శ్రీవిద్య చెప్పింది. మనిషి మరీ చిన్నవాడట.

ఐదో రింగు. ఆరుకు పోయేటప్పుడు తునికి చెట్టును పట్టుకుని నిలబడ్డాడు. ఏడు పెట్టి వస్తుంటే చూపు అంచుల్లో చీకటి కమ్మింది. కానీ ఊపిరి జారలేదు, ఏడింటిలో ఒక్కదాంట్లోనూ జారలేదు. మూడు నెలల్లో ఇదే మొదటిసారి. దాసన్నకు సంతోషం వేసింది. ఇంకొక్కటి ఉంది.

ఎనిమిదో రింగు మీద మూత పెట్టి లేచాడు. పన్నెండో అంగ దాకా లెక్క గుర్తుంది. ఆ తర్వాత తెల్లరాయి తప్ప మరేమీ కనిపించలేదు. రాయి చేయికి తగిలింది. దానికి వీపు ఆనించి కూర్చుని ఊపిరి వదిలాడు.

రెండింటికి జీవమ్మ క్యారియర్‌తో వచ్చింది. మూత రింగు మీద ఉంది. మొగుడు రాయికి ఆనుకుని, తలవాల్చి, టవలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అలిసిపోయి కునుకు తీస్తున్నాడనుకుంది. క్యారియర్ గుంజకు తగిలించి, కొంగు నెత్తిన కప్పుకుని నిలబడింది. మూత తీసేదాకా లోపలికి రాకూడదు కదా. పోయిన నెల ఒకసారి మూత చూసుకోక రెండడుగులు వేసినందుకే ఆయన కసురుకున్నాడు. మహిమ డోన్ నుంచి ఫోన్ చేసిందనీ, ఆదివారం వస్తానందనీ కంచె బయటినుంచే చెప్పింది. అతను పలకలేదు. ఎండ ఆమె ముఖం మీదినుంచి భుజం మీదికి జారింది. రొట్టెలు చల్లారాయి.

"మహిమ నాయనా, మూత తీయవా?" అంది ఒకసారి. మూడు నిమిషాలెప్పుడో అయిపోయాయని ఆమెకు తెలుసు. అయినా ఈరోజు పెద్ద లెక్క ఉందన్నాడు, ఎక్కువసేపు పెట్టాడేమోనని సర్దుకుంది.

అతని జేబులో ఫోన్ మోగింది. ఆగి, మళ్లీ మోగింది. శ్రీవిద్య ఫోనంటే ఎంత నిద్రలో ఉన్నా ఉలిక్కిపడి లేచే మనిషి. మూడోసారి మోగేసరికి జీవమ్మకు అర్థమైంది. ముళ్లతీగ పైకెత్తి లోపలికి దూరింది. తెల్లరాయి దాకా ఊపిరి బిగబట్టుకునే నడిచింది.

అతని చేయి తాకి చూసి, జేబులోంచి ఫోన్ తీసింది. అవతల శ్రీవిద్య సంతోషంగా మాట్లాడుతోంది. ఎనిమిది లెక్కలూ కడిగినట్టొచ్చాయి, ప్లాటు ఉంటుంది, కానీ ఎనిమిదో దాంట్లో గాలి గంటసేపటి నుంచి పెరుగుతూనే ఉంది, మూత తీయడం మరిచిపోయావా అన్నా, అంటోంది.

"మరిచిపోలేదమ్మా," అంది జీవమ్మ. "మూడు నెల్లనుంచి ఆయప్ప ఊపిరి ఆపలేకపోతాండ్య. ఈపొద్దు ఆపినాడు. ఇంగ లేయడంలే."

మూడు నెలల్లో శ్రీవిద్య బ్యాటరీని అడిగింది, ట్యూబును అడిగింది, టవరు బోల్టులను కూడా అడిగింది. మనిషిని ఒక్కసారీ అడగలేదు. అది ఆమెకు ఫోన్ పట్టుకుని ఉండగానే తెలిసింది.

నాలుగోరోజు శ్రీవిద్య ప్లాటుకు వచ్చింది. లేవిని పనిలో పెట్టారు. మన్ను వదిలి గాలి ఎలా చూడాలో అతనికి చెప్పేవాళ్లు లేరు. గుంజకు తగిలించిన క్యారియర్‌కు చీమలు బారులు తీరి ఉన్నాయి, జీవమ్మ దాన్ని తీసుకుపోవడం మరిచిపోయింది. కంచె లోపల, ఎనిమిదో రింగు మీద, కొత్త రబ్బరు వేసిన ఆ మూత ఎవరూ తీయక అలాగే ఉంది, లోపలివైపంతా సన్నటి చెమ్మ పట్టి.