నిలవ వెలుగు

పొద్దున్నే లేవగానే ఆవిడ చేసే మొదటి పని, దొడ్డి గుమ్మం ముందు మిగిలిపోయిన రాత్రి వెలుగుని ఊడ్చేయడం. ఆ వీధిలో అందరూ చేసే పనే అది. దీపం ఆర్పేసినా దాని కింద పడ్డ వెలుగు పల్చగా, పసుప్పచ్చగా నేల మీద అలాగే ఉండిపోయేది. చీపురుతో నాలుగు విసుర్లు విసిరితే జారి మురుక్కాలవలో పడేది. బద్ధకించి వదిలేస్తే కాళ్లకి అంటుకుని ఇల్లంతా మరకలయ్యేవి. అందుకని ఎవరూ వదిలేవాళ్లు కాదు.

వీధిలో ఆవిడని కుట్టక్క అనేవాళ్లు. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను పెట్టుకుని ఇరవై ఏళ్లుగా నాలుగు వీధుల వాళ్లకీ బట్టలు కుడుతోంది. భర్త బస్సు డిపోలో మెకానిక్. పిల్లల్లేరు. ఇంటి వెనక దొడ్డి ఉంది. అందులో గులాబీలు, పందిరి మీద చిక్కుడు, గోడ వెంట రెండు వరసల చామంతులు, అన్నీ ఆవిడ చేత్తో పెట్టినవే. సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పేసి, వంటింటి గుమ్మం నుంచి పంపు దాకా, పంపు నుంచి చామంతుల దాకా నడుస్తూ, ఎండుటాకులు గిల్లుతూ గంటసేపు గడిపేది. రోజు మొత్తంలో ఆ గంటే తనది అనుకునేది.

ఆ గంటలోనే మొదటిసారి పడింది. పంపు దగ్గర బకెట్టు పెట్టిన సంగతి తనకి తెలుసు, పెట్టింది తనే. అయినా కనిపించలేదు. వారం తిరక్కుండా మళ్లీ పడింది, ఈసారి గులాబీ ముళ్లలో.

కళ్ల డాక్టరు చాలాసేపు చూశాడు. కంటి లోపలి పొర అంచుల నుంచి ఎండిపోతూ వస్తోందన్నాడు. ముందు మసక వెలుతురులో కనిపించదు, తర్వాత పక్కలకి కనిపించదు, చివరికి మధ్యలో మిగిలిన కాస్తా మూసుకుపోతుంది.

"మందులు?" అన్నాడు మెకానిక్.

"లేవండి."

"ఆపరేషన్?"

డాక్టరు తల అడ్డంగా ఊపి, "వెలుతురు బాగుండేలా చూసుకోండి. ఉన్నన్నాళ్లు ఉపయోగపడుతుంది" అన్నాడు.

మెకానిక్ ఆ ఒక్క మాటే పట్టుకుని ఇంటికొచ్చాడు. ఇంజిను పాడైతే ఏదో ఒక భాగం మార్చి బండిని రోడ్డెక్కించడం తప్ప మరో ఆలోచన తెలియని మనిషి. మర్నాడే లైట్ల బాబాయిని పిలిచాడు. ఊళ్లో సగం ఇళ్ల తోటల్లో దీపాలు బిగించింది ఆయనే. అరవై దాటినా ఇంకా మోకాళ్ల మీద పాకుతూ తీగలు పాతేవాడు.

"ఆటల మైదానంలో పెడతారే, అలాంటిది ఒకటి గోడ మీద పెట్టేయ్ బాబాయ్. దొడ్డంతా పట్టపగల్లా ఉండాలి" అన్నాడు మెకానిక్.

"పెడితే నీ పెళ్లాం దాని వంక చూసి, ఉన్న చూపు కూడా పోగొట్టుకుంటుంది. లైటు మనిషికి కాదురా అబ్బాయ్, దారికి. ఆ అమ్మాయిని పిలు."

పొద్దు గూకుతుండగా ముగ్గురూ దొడ్లోకి వెళ్లారు. ఆయన చేతిదీపం ఒకటి పట్టుకుని వంగి, నేలకి జానెడు ఎత్తున పెట్టాడు, తర్వాత మోకాలెత్తున, తర్వాత నడుమెత్తున. ప్రతిసారీ, "కళ్లలో పడుతోందా అమ్మాయ్? ఇటుక అంచు తెలుస్తోందా?" అని అడిగాడు. తెల్ల బల్బు పెడితే ఆవిడ మొహం తిప్పేసుకుంది. పసుపు బల్బు పెట్టి, పైన టోపీలాంటి రేకు మూత బిగించి మోకాలెత్తున పట్టుకుంటే, "ఇది బావుంది బాబాయ్, ఇటుకలు కనిపిస్తున్నాయి" అంది.

"ఎండతో నడిచే దీపాలు వచ్చాయి కదా, తీగల గొడవ ఉండదు" అన్నాడు మెకానిక్.

"వద్దు. వారం రోజులు మబ్బు పడితే అవి గుడ్డివైపోతాయి" అనేసి బాబాయి నాలుక కరుచుకున్నాడు. ఆవిడ విననట్టే వంగి ఓ చామంతి ఆకు గిల్లింది.

రెండు రోజుల్లో దారి పొడుగునా ఆరు దీపాలు నిలబెట్టాడు. తీగలన్నీ గొట్టాల్లో పెట్టి మూరెడు లోతున పూడ్చాడు, జాయింట్ల దగ్గర నీళ్లు చొరబడకుండా డబ్బాలు బిగించి జిగురు పోశాడు. వెళ్లేముందు మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అప్పగింతలు పెట్టాడు. వారానికోసారి అద్దాలు తుడవాలి. లోపల పురుగులు చేరితే దులపాలి. ఆకులు మీదకి వంగితే కత్తిరించాలి. వాన వెలిశాక రబ్బరు వాషరు ఊడిందేమో చూడాలి.

"అన్నిటికన్నా ముఖ్యం, రోజూ పొద్దున్నే ఊడ్చేయాలి. ఒక్క బల్బు కాదు, ఆరు. నిలవ వెలుగు మొక్కలకి మంచిది కాదు."

ఆ చలికాలం బాగానే గడిచింది. ఆవిడ మళ్లీ సాయంత్రాలు దొడ్లో తిరిగింది. అంచులు కనిపించక చీపురు అందినచోటే ఊడుస్తోందని, పొద్దుటి పని మెకానిక్ తీసుకున్నాడు. ఆదివారం ఆదివారం పాత బనీను ముక్కతో ఆరు అద్దాలూ తుడిచేవాడు. ఇంజిన్ని తుడిచినంత శ్రద్ధగా తుడిచేవాడు.

ఎండాకాలం వచ్చేసరికి దీపాలు వెలుగుతున్నా ఆవిడ తడుముకోసాగింది. మూడో దీపం దగ్గర దారి ఎటు మలుపు తిరుగుతుందో తెలియక నిలబడిపోయేది. "ఏమండీ, లైట్లు వేశారా?" అని అడిగేది. అతను వెళ్లి చెయ్యి పట్టుకునేవాడు.

ఒకరోజు తెల్లవారుజామునే డ్యూటీ పడి ఊడ్చకుండా వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ చెప్పుల్లేకుండా చామంతుల దగ్గర నిలబడి ఉంది, ఒక్కతే.

"ఎలా వచ్చావు?"

"కాళ్లకి తెలిసిందండీ. దారి మీద గోరువెచ్చగా ఉంది. చల్లగా తగిలితే మట్టిలోకి పోయినట్టు, వెచ్చగా ఉంటే దారిలో ఉన్నట్టు."

ఆవిడ మొహంలో నవ్వు చూసి చాలా నెలలైంది. మర్నాటి నుంచి అతను చీపురు ముట్టలేదు. దారికి రెండు వైపులా ఇటుకలు నిలబెట్టి, సందుల్లో సిమెంటు పూశాడు. వెలుగు పక్కలకి పోకుండా నిలిచింది. పదిహేను రోజుల్లో పాదాలు మునిగాయి. రెండు నెలల్లో పిక్కల దాకా వచ్చింది. వానలు మొదలయ్యేసరికి మోకాళ్ల దాకా వచ్చింది. ఆవిడ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని అందులో నడిచేది, గుమ్మం దగ్గర అంచు పిండుకుని లోపలికి వచ్చేది. అతను తడిగుడ్డతో వెనకాలే గచ్చు తుడుచుకుంటూ వచ్చేవాడు.

పక్కింటి టీచరమ్మ గోడ మీదనుంచి మెల్లిగా అంది. "అన్నయ్యగారూ, మీ దొడ్లో వెలుగు మా పడగ్గదిలోకి వస్తోంది. పిచ్చుకలకి తెల్లారిందో లేదో తెలియక ఒకటే గోల. నేనేదో సర్దుకుంటానులెండి, ఊరికే చెప్పాను."

"కొన్నాళ్లు ఓపిక పట్టమ్మా" అన్నాడు మెకానిక్. ఎన్నాళ్లో తనకీ తెలియదు.

ఆవిడ చూపు మధ్యలో మిగిలిన కాస్త కూడా ఆ వానల్లోనే మూసుకుపోయింది. అది ఆవిడకి తెలిసింది టీచరమ్మ వల్లే. టీచరమ్మకి కుట్టిచ్చిన జాకెట్టుకి ఒక చెయ్యి తిరగేసి ఉంది. టీచరమ్మ ఏమీ అనకుండా తీసుకెళ్లి ఇంకోచోట విప్పించి కుట్టించుకుంది. ఆ సంగతి మూడోవాళ్ల నోట విని, కుట్టక్క కుట్టుమిషను మీద గుడ్డ కప్పింది. మర్నాడు తియ్యలేదు. ఆ తర్వాత కూడా తియ్యలేదు.

చలి మొదలైంది. చామంతులు పూసే రోజులు.

"పూశాయా?" అని అడిగింది ఓ సాయంత్రం.

"పూశాయి. విరగబూశాయి" అన్నాడతను.

"ఏ రంగు ఎక్కువ?"

"పసుపు."

ఆవిడ లేచి వెళ్లింది. వెచ్చదనం వెంట నడుచుకుంటూ వెళ్లి, చివర వంగి రెండు చేతులతో మొక్కల్ని తడిమింది. ఒక్క పువ్వు తగల్లేదు. ఆకులు మాత్రం ఏపుగా ఉన్నాయి, కొమ్మల చివర మొగ్గలు బఠాణీ గింజల్లా గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. చిక్కుడు పందిరి కూడా తడిమింది. అంతా తీగే, ఒక్క కాయ లేదు. తిరిగొచ్చి గుమ్మంలో కూర్చుంది. ఎందుకు అబద్ధం చెప్పారని అడగలేదు. అడిగి ఉంటే బావుండుననుకున్నాడతను.

అతను మళ్లీ లైట్ల బాబాయిని పిలిచాడు. ఆయన గుమ్మం దాటి మోకాలిలోతు వెలుగులోకి దిగి, చామంతి మొగ్గ ఒకటి చిదిమి చూశాడు.

"ఊడ్చమన్నాను కదరా. చామంతికి రాత్రి కావాలి. పొడుగాటి రాత్రి. చీకటి పడిందని తెలిస్తేగాని అది పూత పట్టదు. నువ్వు దీనికి ఆరు నెలల్నుంచి చీకటే చూపించలేదు."

"ఆవిడకి దారి కావాలి బాబాయ్."

"తెలుసురా. కానీ ఇంకో నెల ఇలాగే ఉంటే మొక్కలు చస్తాయి."

"ఏదో ఒకటి చెప్పు. లైటు మార్చు, ఎత్తు మార్చు. రెండూ బతికేలా ఏదో ఒకటి చెప్పు."

బాబాయి ఒక్కో దీపం మూతా ఎత్తి చూసి, మళ్లీ బిగించాడు. ఆయన తల తిప్పుకోవడం చూశాక మెకానిక్ మళ్లీ అడగలేదు.

"ఊడ్చేయండి" అంది ఆవిడ లోపల్నుంచి. "నావల్ల అవి ఎందుకు చావాలి."

ఆదివారం పొద్దున అతను ఇటుకలు పగలగొట్టాడు. వెలుగు ఒక్కసారిగా దొర్లుకుంటూ మురుక్కాలవలో పడి, వీధి పొడుగునా పారుతూ పోయింది. నేల కడిగాడు. ఆరు దీపాల స్విచ్చులూ కట్టేశాడు. ఆ సాయంత్రం ఆవిడ గుమ్మం దిగి రెండడుగులు వేసి, ఎటు చూసినా చల్లగానే తగిలితే ఆగిపోయి, వెనక్కి తిరిగి వచ్చేసింది. మళ్లీ దొడ్లోకి వెళ్లలేదు. చామంతులకి ఆలస్యమైపోయింది. మొగ్గలు గోధుమరంగుకి తిరిగి ఒక్కొక్కటే రాలిపోయాయి. అతను వాటిని ఏరి పారేసి ఆవిడకి చెప్పలేదు. ఇప్పుడు ఆవిడ అడగనూ లేదు.

రోజంతా మిషను పక్క కుర్చీలో కూర్చునేది. అన్నం పెడితే తినేది. మాట్లాడితే మాట్లాడేది. డిపోలో అతనికి స్పానరు చేతిలో ఉండగానే మనసెక్కడికో పోయేది.

పది రోజుల తర్వాత, డ్యూటీ దిగి చీకటి పడ్డాక ఇంటికొచ్చేసరికి వీధి గుమ్మం బార్లా తెరిచి ఉంది. కుర్చీ ఖాళీ. ఆవిడ చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి.

అప్పుడు మెట్ల కింద చూశాడు. మసక చీకట్లో, మట్టి మీద ఒక పాదం ముద్ర పసుప్పచ్చగా వెలుగుతోంది. దానికి అడుగు దూరంలో ఇంకొకటి. నెలల తరబడి మోకాళ్ల దాకా నానిన వెలుగు, ఎన్నిసార్లు కడుక్కున్నా చర్మం లోపలికి ఇంకిపోయి, ఇప్పుడు అడుగడుక్కీ కాస్త కాస్తగా దిగుతోంది. ముద్రలు గోడ వెంట వెళ్లాయి. ఒకచోట కరెంటు స్తంభం చుట్టూ తిరిగాయి. ఇస్త్రీ బండి అతను పెట్టె ఎత్తి పట్టుకునే, "కుట్టక్క అటు వెళ్లింది" అన్నాడు. మెకానిక్ పరిగెత్తాడు. ఇళ్లు అయిపోయి ఏటి గట్టు వచ్చింది. ముద్రలు రాతిమెట్ల మీదుగా కిందికి దిగాయి.

ఆవిడ నీళ్లలో నిలబడి ఉంది, నడుము దాకా. నీళ్ల అడుగున రెండు కాళ్లూ వెలుగుతున్నాయి. చుట్టూ చిన్న చేపలు మూగి ఉన్నాయి.

అతను బూట్లతోనే దిగి భుజం పట్టుకున్నాడు. ఆవిడ ఉలిక్కిపడింది.

"ఎలా తెలిసింది?" అంది. "ఎవరితోనూ చెప్పలేదు. చీకటి పడేదాకా ఆగి వచ్చాను."

"నీ అడుగులు..." అన్నాడు. "నీ అడుగులు వెలుగుతున్నాయి. ఇంటి దగ్గర్నుంచీ."

ఆవిడ వంగి నీళ్లలో తన మోకాలు తడుముకుంది, అక్కడేదో చేతికి తగులుతుందన్నట్టు.

"నాకు కనిపించదు, సరే" అంది మెల్లిగా. "నేను కనిపించకుండా పోయే వీలు కూడా లేకుండా చేశారు."

అతను చేతులు వదల్లేదు. చాలాసేపటికి ఆవిడే మెట్ల వైపు తిరిగింది.

ఇంటికి నడుస్తుంటే అడిగింది, "ఇంకా పడుతున్నాయా?"

"పడుతున్నాయి."

"ఎంతమందికి కనిపిస్తాయి?"

"అందరికీ" అన్నాడు. ఈసారి అబద్ధం చెప్పలేదు.

ఆ తర్వాత ఆవిడ పన్నెండేళ్లు బతికింది. సబ్బు, ఇసక, డాక్టరిచ్చిన మందు, దేనికీ ఆ వెలుగు పోలేదు. లైట్ల బాబాయి వచ్చి ఆరు దీపాలూ పీకేసి, గోతులు పూడ్చి, కూలి పుచ్చుకోకుండా వెళ్లిపోయాడు. సాయంత్రాలు ఆవిడ గడప దాటేది కాదు. వీధిలోకి రావాలనిపిస్తే నడినెత్తిన ఎండ కాసేదాకా ఆగేది. రోడ్డు కాలిపోతూ మనుషులందరూ తలుపులేసుకుని పడుకున్న వేళ, చెప్పుల్లేకుండా, గోడ పట్టుకుని ఒక్కతే వీధి చివరిదాకా వెళ్లి వచ్చేది. ఆ ఎండలో ఆవిడ అడుగులు ఎవరికీ కనిపించేవి కాదు.