ముందే కట్టేసిన భోజనం

మొన్న నాలాగే అంగన్‌వాడీ టీచరైన పక్క ఊరి నాగక్క ఫోన్ చేసింది. "కమ్లీ, పోయిన జూన్‌ల మీరు బూర్గంపాడు కాడ రిసార్ట్‌కు పోయిన్రు గదా. మేం గూడ పోదామనుకుంటున్నం. రూముతో పాటు భోజనాలకు గూడ ముందే కట్టేయమంటున్నరు. కడితే మంచిదా? మా పిల్లలు గూడ పెద్దోళ్లయిన్రు మరి" అని అడిగింది. ఒక్క ముక్కలో చెప్పి పెట్టేయాల్సిన ఫోను. నేను మాత్రం పొయ్యి మీద పప్పు మాడేదాకా మాట్లాడాను. ఆమెకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను, పప్పు సంగతి తప్ప.

మా ఆయన హాతీరాం ఏన్కూరు మండలాఫీసులో జూనియర్ అసిస్టెంట్. మాది ఆ పక్కనే తండా. విహారయాత్ర అనే మాటను ఆయన ఆఫీసు కాగితాల్లో చదవడమే తప్ప నోటితో అన్నది నేను వినలేదు. అలాంటి మనిషి ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "శుక్రవారం రిసార్ట్‌కు పోతున్నం. రూము, భోజనం అన్నీ కట్టేసిన" అన్నాడు. ఎందుకట అంటే, "శ్రావణి మైండ్ ఫ్రెష్ గావాలె" అన్నాడు.

శ్రావణి మా పెద్దది. ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీ హాస్టల్లో రెండేళ్లు ఉండి ఇంటర్ చదివింది. నీట్ రాసింది. వచ్చిన మార్కులకు డాక్టర్ సీటు రాదు. అందుకని మా ఆయన అదే కాలేజీలో లాంగ్ టర్మ్‌కు డబ్బు కట్టేశాడు. ఇంకో ఏడాది అక్కడే ఉండి మళ్లీ రాయాలన్నమాట. రిసార్ట్ నుంచి వచ్చాక సోమవారం పొద్దున్నే పోయి చేరాలి. "పిల్లను అడిగినవా?" అన్నాను. "అడిగేదేముంది, కట్టేసిన" అన్నాడు. మా ఇంట్లో ఏ చర్చయినా ఆ మాట దగ్గరే ఆగిపోతుంది.

పిల్లను నేను అడిగాను. బట్టలు ఆరేస్తూ, నా ముఖం చూడకుండా చెప్పింది. మా పిల్లలు మా లంబాడీలో అమ్మను పిలిచినట్టు యాడీ అనే పిలుస్తారు. "యాడీ, నేను పోను. డిగ్రీల చేరుత. ఇంటికాన్నుంచే బస్సుల పోయొస్త. బాపుకు నువ్వే చెప్పు" అంది.

చెప్పడం అంత సులువేం కాదు. మా ఆయన కోపిష్టి కాదు. కోపిష్టి అయినా బాగుండేది, ఒకసారి అరిచి ఊరుకునేవాడు. ఆయన ఆ వారమంతా సంతోషంగా ఉన్నాడు. బిడ్డ డాక్టరమ్మ అయినట్టే తిరుగుతున్నాడు. సంతోషంగా ఉన్న మనిషికి అడ్డం చెప్పడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. రిసార్ట్‌లో నది ఒడ్డున కూర్చున్నప్పుడు నెమ్మదిగా చెబుదామని నేను మనసులో అనుకున్నాను.

రిసార్ట్ బూర్గంపాడు దాటాక, అడవి అంచున, గోదావరి కనబడేంత దూరంలో ఉంది. మేనేజర్ శివకుమార్ మమ్మల్ని వరసగా నిలబెట్టి, భోజనానికి కట్టిన వాళ్లకు గుర్తుగా చేతులకు పచ్చ కాగితం పట్టీలు వేశాడు. మా చిన్నోడు రవికుమార్‌కు పదిహేనేళ్లు. వాడికి సగం టికెట్టే కదా అని మా ఆయన అడిగితే, "పన్నెండు దాటితే పెద్దల లెక్కే సార్" అన్నాడు మేనేజర్. తనను పెద్దవాడన్న మొదటి మనిషి అతనే కాబట్టి రవి అతన్ని గౌరవంగా చూశాడు. ఆ తర్వాత రూముకు పోయి, ఫోను ముఖం మీద పెట్టుకుని పడుకున్నాడు.

భోజనాలు రేకుల షెడ్డులో. షెడ్డు ముందు ఇత్తడి గంట వేలాడుతోంది. టిఫిన్‌కు, పగటి భోజనానికి, సాయంత్రం చిరుతిండికి, రాత్రి భోజనానికి దాన్ని కొడతారు. మొదటిసారి ఆ గంట వినగానే మా ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా అయింది. "ఇన్నవా? మా ఆశ్రమ బడిల గూడ గిట్లనే కొట్టేటోళ్లు. గంట కొట్టిన్రంటే అన్నం ఉన్నట్టే!" అన్నాడు. చిన్నప్పుడు ఆయన గిరిజన పిల్లల ఆశ్రమ బడిలో ఉండి చదువుకున్నాడు. ప్రతి గంటకూ ఈ మాట అంటాడని నాకు అప్పుడు తెలియదు.

రవి షెడ్డులోకి వచ్చి, గిన్నెలన్నీ మూతలెత్తి చూసి, "ఫ్రైడ్ రైస్ లేదా?" అన్నాడు.

"ప్లాన్‌ల లేదు" అన్నాడు వాళ్ల నాన్న.

"మరి బయట తింట."

"బయట ఎందుకు తింటవ్? లోపల కట్టేసిన."

వాడు చికెన్ ముక్కలు ఏరుకుని తిని, అన్నం అట్లాగే వదిలేసి పోయాడు. ఆ అన్నం మా ఆయన తిన్నాడు. నేను వదిలేసిన పులుసు కూడా ఆయనే తాగాడు. ఎవరి వంతు ఏదీ వృథా పోకూడదని ఆయన అంత కష్టపడి తింటుంటే, అది విహారమో ఉద్యోగమో తేల్చుకోలేకపోయాను.

శ్రావణి విషయంలో మాత్రం ఆయనకు ఏ కష్టమూ లేదు. గంట కొట్టినప్పుడు అది నాతో ఏదో చెబుతోంది. మాట సగంలో ఆపి లేచి వెళ్లిపోయింది. లైనులో మొదట నిలబడింది. పెట్టింది పెట్టించుకుంది. తల ఎత్తకుండా తింది. మేము కూర కలుపుకునే లోపు ముగించేసింది. ఆ తర్వాత ప్లేటు పట్టుకుని పోయి, చేతులు కడుక్కునే కుళాయి కింద దాన్ని కడగడం మొదలుపెట్టింది. పనమ్మాయి పరుగెత్తుకొచ్చి, "అక్కా, మీరు కడగొద్దు, ఇటియ్యండి" అంటే, ఇవ్వాలో వద్దో తెలియనట్టు ప్లేటు పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడింది.

"చూసినవా, ఎంత పద్ధతి నేర్చుకున్నదో" అన్నాడు మా ఆయన గర్వంగా.

నాకు ఒళ్లు మండింది. ఏడుపు కూడా వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను. హాస్టల్‌కు పోకముందు ఇది కంచం ముందు కూర్చుంటే ఒక పంచాయితీ. ఉప్పు తక్కువనేది, కారం ఎక్కువనేది, చెల్లదు పొమ్మనేది. అందుకే బయటికి రాగానే, "బిడ్డా, కూర మంచిగున్నదా?" అని అడిగాను.

"ఏం కూర?" అంది.

"ఇప్పుడు తిన్నవ్ గదనే."

కొంచెం ఆలోచించింది. "ఏదో ఉండె యాడీ" అంది.

అంగన్‌వాడీలో నా దగ్గరికొచ్చే మూడేళ్ల పిల్లలు కూడా ఏం తిన్నారో చెబుతారు. పక్కవాడి గుడ్డు పెద్దదని తగువుకొస్తారు. పద్దెనిమిదేళ్ల నా బిడ్డకు ఇప్పుడే మింగిన కూర ఏదో తెలియదు. దీన్ని మళ్లీ సోమవారం అక్కడికి పంపితే ఏడాదికి ఏం మిగులుతుందా అని భయమేసింది. ఇక ఆలస్యం చేయొద్దనుకున్నాను.

ఆ పొద్దు గూకే వేళ మా ఆయన్ని నది వైపు తీసుకెళ్లాను. కొత్త నీళ్లు వచ్చి గోదావరి ఎర్రగా పారుతోంది. ఆయన రాయి మీద కూర్చుని, "పొద్దుగాల టిఫిన్‌ల ఇడ్లీ, వడ, ఉప్మా, మూడూ పెడుతరంట" అన్నాడు. మంచి మనసు మీదున్నాడు కదా అని, "ఇగో, శ్రావణి సంగతి ఒకటి చెప్పాలె" అని మొదలుపెట్టాను. "ఏంది?" అన్నాడు. అంతలో రాత్రి భోజనం గంట కొట్టారు. "పా, పా, జల్దీ పా. తింటూ చెప్పు" అంటూ లేచి నడిచాడు. తింటూ ఏం చెబుతాను. తినేటప్పుడు ఆయన పప్పు గురించి మాట్లాడాడు.

మర్నాడు రవిని టిఫిన్‌కు లేపడానికి ఒక యుద్ధం జరిగింది. వాడు సెలవుల్లో పగటి భోజనం వేళకు గానీ లేవడు. మా ఆయన భుజాలు పట్టి నడిపించుకొచ్చి షెడ్డులో కూర్చోబెడితే, కళ్లు తెరవకుండా రెండు ఇడ్లీలు తిన్నాడు. నిద్రలో తిన్నా తిన్నట్టే అని మా ఆయన తృప్తి పడ్డాడు. తర్వాత అడవిలోకి నడుద్దామని బయలుదేరాం. తునికి చెట్ల మధ్య కొంత దూరం పోయేసరికి పగటి భోజనం వేళ అవుతోందని వెనక్కి తిప్పాడు. అడవి ఎక్కడికీ పోదట, అన్నం చల్లారిపోతుందట.

ఆ సాయంత్రం చిరుతిండి గంట కొట్టారు. మా ఆయన నాలుగు ప్లేట్లు పెట్టించుకుని కూర్చున్నాడు. నేను వచ్చాను. రవి కూడా వచ్చాడు. శ్రావణి రాలేదు.

ఆయన గంట వైపు చూశాడు. "కొట్టిన్రు గదా" అన్నాడు. కాసేపాగి మళ్లీ, "గంట కొట్టిన్రు గదా, ఏదీ పిల్ల?" అని లేచాడు. రూములో లేదు. ఫోను మంచం మీదే ఉంది. బాత్రూం తలుపు తెరిచే ఉంది. నేను నది వైపు చూశాను. ఎందుకు చూశానో పరీక్ష రాసిన బిడ్డలున్న ఏ తల్లికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. మా ఆయన నా ముఖం చూశాడు, నది చూశాడు. ఇద్దరం పరుగెత్తాం.

ఒడ్డున ఎవరూ లేరు. వెనక్కి వస్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్ ఎదురొచ్చి, "మీ అమ్మాయినేనా దేవులాడేది? బయటికి పోయింది సార్. అగో, బజ్జీల బండి కాడ ఉన్నది" అన్నాడు.

రోడ్డవతల, టార్పాలిన్ కింద, సోమమ్మ అనే ఆవిడ మిరపకాయ బజ్జీలు వేస్తోంది. సన్నగా తుంపర పడుతోంది. బల్ల మీద కూర్చుని నా బిడ్డ బజ్జీ తింటోంది. కారానికి ముక్కు కారుతుంటే చున్నీతో తుడుచుకుంటూ, ఊదుకుంటూ, మెల్లగా తింటోంది. నాకు దాన్ని ఒక్కటి కొట్టాలనిపించింది. దాని కాళ్ల మీద పడాలని కూడా అనిపించింది.

మా ఆయన రొప్పుతూ దాని ముందు నిలబడ్డాడు. పాపం, ఆయనకు ఎంత భయం వేసిందో, ఎంత ఊరట కలిగిందో నాకు తెలుసు. కానీ నోటికి వచ్చింది మాత్రం అలవాటైన మాటే.

"లోపల గూడ బజ్జీలే పెట్టిన్రు! కట్టేసిన గదా బిడ్డా!"

శ్రావణి చేతిలో ఉన్న బజ్జీని కాగితం మీద పెట్టింది. "అన్నానికి కట్టేసినవ్. సీటుకు కట్టేసినవ్. నడుమల నన్ను గూడ కట్టేసినవ్ బాపూ" అంది. గొంతు పెంచలేదు. "సోమవారం నేను పోను."

సోమమ్మ మంట తగ్గించి, వినబడనట్టు ఉల్లిగడ్డలు కోయసాగింది.

మా ఆయన నెమ్మదిగా, "చిన్నగున్నప్పుడు మాకు గంట కొట్టేటోళ్లు ఎక్కడున్నరు బిడ్డా. ఆశ్రమ బడిల చేరేదాక ఆకలైతే నీళ్లు తాగి పండుకునేటోళ్లం. నీకు ఆ బాధ ఉండొద్దనే గదా ఇదంత" అన్నాడు.

"ఆ బాధ లేదు బాపూ" అంది శ్రావణి. "అసలు ఆకలే లేదు. హాస్టల్‌ల ఎప్పుడు పోయిందో నాకే తెల్వదు. గంట కొడితే తినుడు, లేకుంటే లేదు. ఇయ్యాల రూముల పండుకుని ఉంటే కడుపుల ఏదో లెక్కనైంది. జ్వరం వస్తున్నదేమో అనుకున్న. జరసేపటికి తెలిసింది, ఆకలని." అది చెప్పేటప్పుడు దాని ముఖంలో కోపం లేదు. పోయిన వస్తువు ఇంట్లోనే దొరికినట్టు కొంచెం నవ్వింది కూడా. "గంట కొట్టేదాక ఆగితే మళ్లీ పోతదేమోనని ఉరికొచ్చిన."

నేను అటు తిరిగి నిలబడ్డాను. నేను ఊరందరి పిల్లలకూ తూకం వేసి అన్నం పెట్టేదాన్ని. నా బిడ్డ ఆకలిని చూసి జ్వరమనుకుందట.

మా ఆయన బల్ల మీద, దాని పక్కన కూర్చున్నాడు. ఆశ్రమ బడి గురించి మళ్లీ ఏమీ అనలేదు. ఆకలంటే ఏమిటో మా అందరిలోకి బాగా తెలిసినవాడు ఆయనే. బిడ్డ అన్న మాట ఎక్కడ తగిలిందో ఆయన్ని చూస్తే తెలిసిపోతోంది.

అప్పటికి రవి కూడా వచ్చి చేరాడు. సంగతంతా విన్నట్టున్నాడు. "మరి కాలేజీల కట్టిన పైసలు?" అన్నాడు.

"పోతయ్" అన్నాడు మా ఆయన. "పోనీ. కాలేజోళ్లకు నేను ఫోన్ చేసి చెప్త."

తర్వాత కూతురి వైపు తిరిగాడు. దాన్ని ఏదైనా అడిగి, జవాబు కోసం ఆయన ఆగడం ఆ నెలలో అదే మొదటిసారి.

"ఇంకా ఉన్నదా బిడ్డా, ఆకలి?"

శ్రావణి పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి, నిజమో కాదో చూసుకుంది.

"ఉన్నది బాపూ" అంది.